వుర్జ్‌బుర్గ్ రెసిడెన్స్: బిషప్పులకు అంత రాజభవనం ఎందుకు? ఇప్పుడు మనకు కనిపించేది అసలైనదేనా?

ప్రశ్న (ఫ్రాంక్‌ఫుర్ట్ బాటసారి)

అందరికీ నమస్కారం. నేను ఫ్రాంక్‌ఫుర్ట్ సమీపంలో ఉద్యోగం చేస్తున్నాను. వచ్చే నెలలో మా అమ్మానాన్నలు గుంటూరు నుంచి వస్తున్నారు. రైలులో గంటన్నర లోపే చేరుకోవచ్చు కాబట్టి వారిని వుర్జ్‌బుర్గ్‌లోని బరోక్ రాజభవనానికి తీసుకువెళ్లాలని అనుకుంటున్నాను. నాన్నగారు పదవీ విరమణ చేసిన చరిత్ర ఉపాధ్యాయులు. ఏ కట్టడం ముందు నిలబడినా "ఎవరు కట్టించారు, ఎవరి సొమ్ముతో కట్టించారు" అని అడగనిదే లోపలికి అడుగు పెట్టరు. అందుకే ముందుగా ఇక్కడ అడిగి తెలుసుకుంటున్నాను.

నా సందేహాలు రెండు. మొదటిది: ఇది బిషప్పుల నివాసమని చదివాను. బిషప్పు అనగానే మెదక్‌లోనో దోర్నకల్‌లోనో చర్చి పక్కన ఉండే మతాధికారి నా కళ్ళముందు మెదులుతారు. అటువంటి వ్యక్తికి మూడువందలకు పైగా గదులున్న భవనం ఎందుకు అవసరమైంది? రెండవది: 1945 నాటి బాంబుదాడిలో ఇది కాలిపోయిందని ఒకచోట, అందులోని చిత్రాలు పద్దెనిమిదో శతాబ్దానివేనని మరొకచోట రాశారు. రెండూ ఎలా నిజమవుతాయి? మేము చూడబోయేది పాతదా, లేక పాతదానిలా మళ్ళీ కట్టినదా?

సమాధానం 1 (మైన్ నది ఒడ్డున)

మీ నాన్నగారి ప్రశ్న సరైన ప్రశ్న. దానికి సమాధానం తెలియకపోతే ఆ భవనం కేవలం బంగారు పూత పూసిన గదుల వరుసగానే కనిపిస్తుంది.

వుర్జ్‌బుర్గ్ బిషప్పు మతాధికారి మాత్రమే కాదు, ఆ ప్రాంతానికి పాలకుడు కూడా. జర్మన్ రాజ్యాలను కలిపి ఉంచిన పవిత్ర రోమన్ సామ్రాజ్యంలో ఇటువంటి "రాజ బిషప్పులు" అనేకమంది ఉండేవారు. పన్నులు వసూలు చేయడం, న్యాయస్థానాలు నడపడం, సైన్యాన్ని పోషించడం, నాణేలు ముద్రించడం వంటి రాజు చేసే పనులన్నీ వీరు చేసేవారు. తేడా వారసత్వంలో ఉంది. బిషప్పు బ్రహ్మచారి కనుక సింహాసనం కొడుకుకు దక్కదు. కథీడ్రల్‌కు చెందిన మండలి ఓటు వేసి తరువాతి బిషప్పును ఎన్నుకునేది. ఆ మండలి సభ్యులందరూ కులీన కుటుంబాలవారే కావడంతో కొన్ని వంశాలు మేనమామ నుంచి మేనల్లుడికి, అన్న నుంచి తమ్ముడికి ఈ పదవులను దక్కించుకుంటూ వచ్చాయి. షోన్‌బోర్న్ వంశం అందులో ఆరితేరింది.

మన వైపు పోలిక వెతికితే, 1843 నుంచి 1933 వరకు తిరుమల ఆలయ పాలన చూసిన హాథీరాంజీ మఠం మహంతులు గుర్తుకు రావచ్చు. అయితే ఆ పోలిక ఎక్కువ దూరం నిలవదు. మహంతులు ఆలయ ఆస్తులను నిర్వహించారే కాని దేశాన్ని ఏలలేదు. వుర్జ్‌బుర్గ్ బిషప్పుకు చక్రవర్తి తప్ప లౌకికంగా పైవాడు లేడు.

ఆ అధికారానికి మూలం 1168లో ఉంది. ఫ్రెడరిక్ బార్బరోస్సా చక్రవర్తి ఆ సంవత్సరం బిషప్పు హెరోల్డ్‌కు ఫ్రాంకోనియా (వుర్జ్‌బుర్గ్ ఉన్న ప్రాంతం) డ్యూక్ హక్కులను, అంటే ఆ ప్రాంతపు ప్రభువు హక్కులను, ధ్రువీకరిస్తూ శాసనం ఇచ్చాడు. రాజభవనంలోని చక్రవర్తి సభామందిరంలో ఇటలీ చిత్రకారుడు తియెపొలో చిత్రించిన రెండు పెద్ద కుడ్యచిత్రాలలో ఒకటి ఆ ఘట్టమే. రెండవది 1156లో అదే ఊరిలో జరిగిన బార్బరోస్సా, బియాట్రిస్‌ల వివాహం. ఆరువందల ఏళ్ల నాటి సంగతిని అంత ఖర్చుపెట్టి గోడకెక్కించడంలో ఉద్దేశం అలంకారం ఒక్కటే కాదు. వచ్చిన అతిథి తల ఎత్తగానే ఈ నేల మీద మా హక్కు ఎక్కడినుంచి వచ్చిందో చూడవలెనని బిషప్పు కోరిక. పట్టాదారు పాసుపుస్తకాన్ని పటం కట్టి సావడిలో వేలాడదీసినట్టు అనుకోండి.

ఇక "ఎందుకు కట్టారు" అన్న విషయం. పదమూడో శతాబ్దం నుంచి బిషప్పులు ఊరిలో కాక, నదికి ఆవలి కొండ మీద ఉన్న మారియెన్‌బెర్గ్ కోటలో ఉండేవారు. పట్టణ ప్రజలతో వారికి పొసగేది కాదు. 1525 నాటి రైతుల తిరుగుబాటులో ఆ కోటను ముట్టడించారు, 1631లో స్వీడన్ సైన్యం దాన్ని పట్టుకుంది. పద్దెనిమిదో శతాబ్దం వచ్చేసరికి కొండ మీద దాక్కోవలసిన అవసరమూ తీరింది, చీకటి గదుల కోటలో ఉండడం పరువు తక్కువ అనే భావనా పెరిగింది. 1719లో ఎన్నికైన యోహాన్ ఫిలిప్ ఫ్రాంట్స్ ఫోన్ షోన్‌బోర్న్ మరుసటి ఏడాది, 1720 మే 22న, ఊరిలోనే కొత్త భవనానికి శంకుస్థాపన చేశాడు. కట్టడాల మీద మోజును షోన్‌బోర్న్‌లు తమలో తామే "కట్టే పురుగు" అని చెప్పుకొని నవ్వుకునేవారు. ఆ పురుగు ఒక్కసారి కుట్టిందంటే ఖజానా ఖాళీ అయ్యేదాకా వదలదు.

ఇక ఎవరి సొమ్ము అన్నది. తొలి పెట్టుబడి విచిత్రమైనది. గత బిషప్పు హయాంలో ఖజానా చూసిన గాల్లుస్ యాకోబ్ అనే అధికారి భారీగా స్వాహా చేసినట్టు తేలడంతో అతనిచేత సుమారు 6 లక్షల గుల్డెన్లు (అప్పటి నాణేలు) కక్కించి, ఆ సొమ్ముతో పని మొదలుపెట్టారు.

సమాధానం 2 (పాత లెక్కల మాస్టారు)

పై సమాధానానికి చిన్న సవరణ వంటిది చేర్చదలిచాను. గాల్లుస్ యాకోబ్ దగ్గర కక్కించిన డబ్బు అతని జేబులోకి ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెబితే మీ నాన్నగారికి పూర్తి సమాధానం ఇచ్చినట్టవుతుంది. అది ప్రజలు కట్టిన పన్నే కదా. పైగా ఆ మొత్తం ఆరంభానికి మాత్రమే సరిపోయింది. 1780 ప్రాంతం వరకు సాగిన నిర్మాణానికి, లోపలి అలంకరణకు కలిపి 15 లక్షల గుల్డెన్లకు పైగా ఖర్చయిందని లెక్క. ఆ రోజుల్లో కూలివానికి వారానికి దక్కేది సుమారు ఒక గుల్డెన్. అంటే ఒక్క మనిషి కూలి డబ్బుతో ఈ భవనాన్ని కట్టాలంటే ఇరవై ఎనిమిది వేల ఏళ్లకు పైగా పని చేయాలి.

ఇంకొక సంగతి కూడా గమనించండి. బయటి కట్టడం ముగిసింది 1744 చివరిలో. 1802లో బవేరియా సైన్యం వచ్చి బిషప్పు రాజ్యాన్ని స్వాధీనం చేసుకుంది, మరుసటి ఏడాది చట్టపరంగా అది రద్దయింది. కట్టించిన వంశానికి, ఆ తరువాతివారికి కలిపి దక్కిన అనుభవం అరవై ఏళ్లు కూడా కాదు. నెపోలియన్ దీనిని యూరప్‌లోకెల్లా అందమైన పాస్టరు గారి ఇల్లు అన్నాడని చెప్పుకుంటారు. ఆ మాట అన్నాడో లేదో కాని, చురక మాత్రం తగలవలసిన చోటే తగిలింది.

సమాధానం 3 (సున్నమూ ఇటుకా)

నేను పాత కట్టడాల మరమ్మతు రంగంలో పనిచేస్తున్నాను. మీ రెండవ ప్రశ్నకు నేను జవాబు చెబుతాను. క్లుప్తంగా చెప్పాలంటే, భవనంలో సగం కాలిపోయిందన్నదీ నిజమే, ముఖ్యమైన చిత్రాలు అసలైనవన్నదీ నిజమే. ఆ రెండింటినీ కలిపే ముడి భవనపు కమాను కప్పులో ఉంది.

వాస్తుశిల్పి బాల్తజార్ నోయ్‌మన్ 1687లో బొహీమియాలోని (ఇప్పటి చెక్ దేశం) ఎగెర్ పట్టణంలో పుట్టాడు. వుర్జ్‌బుర్గ్‌కు వచ్చినప్పుడు అతని వృత్తి ఫిరంగులు, గంటలు పోతపోయడం. తరువాత సైన్యంలో ఇంజనీరు అయ్యాడు. పునాది వేసేనాటికి 33 ఏళ్ల వయసున్న అతడిని అంత పనికి ఒంటరిగా నమ్మడం ఇష్టం లేక, బిషప్పు 1723లో పారిస్‌కు పంపి అక్కడి వాస్తుశిల్పులు రోబెర్ ద కోత్, బొఫ్రాన్‌లకు నమూనాలు చూపించి రమ్మన్నాడు. వియన్నా నుంచి హిల్డెబ్రాంట్, మైంట్స్ నుంచి ఫోన్ వెల్ష్ కూడా చేయి పెట్టారు. ఇందరి సలహాలు వంటకాన్ని చెడగొట్టవలసింది, కాని అన్నింటినీ ఒక్క పొందికలోకి తెచ్చినవాడు నోయ్‌మనే.

అతని అసలు గొప్పతనం మెట్లదారి మీది కమాను కప్పు. పొడవు సుమారు 30 మీటర్లు, వెడల్పు సుమారు 18 మీటర్లు, మధ్యలో ఒక్క స్తంభమూ లేదు. అడుగునుంచి ఎత్తు 23 మీటర్ల వరకు ఉంటుంది. బరువు తగ్గించడానికి తేలికపాటి టఫ్ రాయిని వాడాడు. ఇది నిలవదని తోటి శిల్పులు వాదించారని, "కావాలంటే దీని కింద ఫిరంగులు పేల్చి చూడండి" అని నోయ్‌మన్ సవాలు విసిరాడని ఒక కథ ప్రచారంలో ఉంది. కథను కథగానే తీసుకోండి. పరీక్ష మాత్రం రెండువందల ఏళ్ల తరువాత నిజంగానే జరిగింది.

1945 మార్చి 16 రాత్రి బ్రిటిష్ విమానాలు ఇరవై నిమిషాలపాటు నిప్పుబాంబులు కురిపించాయి. ఊరిలో దాదాపు 90 శాతం నేలమట్టమైంది, సుమారు 5,000 మంది మరణించారు. రెసిడెన్స్‌లో ఉత్తర, దక్షిణ భాగాలు లోపల గుల్లగా కాలిపోయాయి. మధ్యభాగంలో కొయ్య పైకప్పు మండి కమాను మీద కూలింది. అయినా ఆ రాతి కమాను నిలబడింది. మెట్లదారి, పక్కనున్న తెల్ల మందిరం, చక్రవర్తి సభామందిరం, కింద తోట వైపు మందిరం ఆ కమానుల చలవవల్లనే బతికాయి. మెట్లదారిలో మీరు తల ఎత్తి చూసే తియెపొలో చిత్రం 1752, 1753 సంవత్సరాలలో తడిసున్నం మీద వేసినదే. ఆరువందల చదరపు మీటర్లకు పైబడిన ఒకే చిత్రం అది.

అయితే పైకప్పు పోయాక మిగిలిన కమాను మీద వాన పడితే చిత్రం ఎన్ని నెలలు నిలుస్తుంది? ఈ ప్రశ్న అడిగినవాడు జాన్ స్కిల్టన్ అనే అమెరికన్ సైనికాధికారి. కళాసంపద రక్షణ విభాగంలో పనిచేసే ఆయన 1945 వేసవిలో ఇక్కడికి వచ్చాడు. ఊరంతా శిథిలమై మేకు కూడా దొరకని రోజుల్లో మైన్ నదిలో తేలుతున్న కలప దుంగలను వెతికి పట్టి, కోయించి, తాత్కాలికపు కప్పు వేయించాడు. చక్రవర్తి మందిరపు చిత్రాలకు అప్పటికే కొంత తేమ తగిలింది కాని, మొత్తం మీద ఆ కలప వల్లనే ఈ రోజు చూడడానికి ఏదైనా మిగిలింది. నా వృత్తిలో గొప్ప వాస్తుశిల్పి కన్నా సమయానికి టార్పాలిన్ కప్పినవాడికే నేను ముందు నమస్కరిస్తాను.

మళ్ళీ కట్టినవాటికి మంచి ఉదాహరణ అద్దాల గది. బాంబుదాడికి ముందే బల్లలు, కుర్చీలు, గోడల మీది చెక్క పలకలు విప్పి దూరంగా దాచారు. అందుకే ఇప్పుడు గదులలో కనిపించే సామగ్రిలో చాలావరకు పాతదే. అద్దాల గదిలో మాత్రం అద్దాలకు వెనుకవైపున చిత్రించి, బంగారం అద్ది, గోడకే బిగించేశారు కనుక విప్పడానికి వీలు కాలేదు, అన్నీ బూడిదయ్యాయి. ఒక చిన్న అద్దపు ముక్క, పాత ఫోటోలు, 1870 ప్రాంతంలో వేసిన ఒక నీటిరంగుల చిత్రం ఆధారంగా 1979 నుంచి 1987 వరకు ఎనిమిదేళ్లు శ్రమించి మళ్ళీ చేశారు. దానిని నకలు అని కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను. పద్దెనిమిదో శతాబ్దపు పనితనం చేతులకు మళ్ళీ పట్టుబడిన గది అది. కాకపోతే వయసు అడిగితే ముప్పై, నలభై ఏళ్లే అని నిజాయితీగా చెప్పాలి.

ప్రశ్న అడిగినవారి మాట (ఫ్రాంక్‌ఫుర్ట్ బాటసారి)

అందరికీ కృతజ్ఞతలు. ఫోనులో నాన్నగారికి ఇవన్నీ చదివి వినిపించాను. నదిలో దుంగల సంగతి ఆయనకు ఎంతో నచ్చింది. మరో రెండు విషయాలు తెలుసుకోవాలి. అమ్మకు మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి. ఆ పెద్ద మెట్లదారి ఎక్కగలదా? ఆమెకు చిత్రాలకన్నా తోటల మీద మక్కువ ఎక్కువ. ఉద్యానంలో నిజంగా చూడవలసినది ఏదైనా ఉందా, లేక అన్ని రాజభవనాలలో లాగా పూలపాదులేనా?

సమాధానం 4 (మైన్ నది ఒడ్డున)

మెట్ల గురించి పెద్దగా భయపడనక్కరలేదు. అవి చాలా తక్కువ ఎత్తున, వెడల్పుగా ఉంటాయి. బరువైన దుస్తుల్లో వచ్చే అతిథులు తడబడకుండా హుందాగా ఎక్కాలన్నది ఉద్దేశం. కింద హాలు ఆరు గుర్రాల బండి లోపలికి వచ్చి తిరగగలిగినంత విశాలమైనది. బండి దిగిన అతిథి హోదాను బట్టి బిషప్పు మెట్ల మీద ఎక్కడిదాకా ఎదురేగాలన్నది మర్యాదల ప్రకారం నిర్ణయమయ్యేది. అయినా నొప్పి ఎక్కువగా ఉంటే టికెట్ల దగ్గర అడగండి, లిఫ్టు గురించి చెబుతారు.

మెట్లెక్కేటప్పుడు అమ్మగారిని మధ్యలో ఉన్న మలుపు దగ్గర ఆగమనండి. తియెపొలో కప్పు మీద నాలుగు ఖండాలను స్త్రీమూర్తులుగా చిత్రించాడు. మొదటి వరుస ఎక్కుతుండగా మొసలి మీద కూర్చున్న అమెరికా కనిపిస్తుంది. వెనక్కి తిరిగి రెండవ వరుస ఎక్కుతుంటే అటూ ఇటూ ఏనుగు మీద ఆసియా, ఒంటె మీద ఆఫ్రికా, ఎదురుగా యూరప్ వస్తాయి. యూరప్ పైన ఆకాశంలో ఆనాటి బిషప్పు గ్రైఫెన్‌క్లౌ ముఖచిత్రాన్ని దేవతలు మోసుకుపోతుంటారు. యూరప్ కింద అంచున సైనిక దుస్తుల్లో ఫిరంగి మీద చేరగిలబడినవాడు నోయ్‌మన్, పక్కన కుక్క. ఆ చిత్రం పూర్తయిన ఏడాదే, 1753లో, అతను చనిపోయాడు. యూరో రాకముందు జర్మనీలో చెలామణి అయిన 50 మార్కుల నోటు మీద ఉన్న ముఖం కూడా ఇతనిదే. ఆసియా వైపు కాస్త ఆగి చూడండి. సాగిలపడిన బందీలు, తలపాగాలు, దూరాన కల్వరి కొండ మీది సిలువలు, అన్నీ ఒకే ఖండంలో కలిసిపోయి ఉంటాయి. వెనిస్ దాటి తూర్పుకు రాని చిత్రకారుడి ఊహ అది. ఏనుగును చూసి మీ అమ్మగారు ఏమంటారో వినాలని నాకు కుతూహలంగా ఉంది.

సమాధానం 5 (పాదుల మధ్య)

తోట సంగతి నాకు వదలండి. అన్ని రాజభవనాలలో లాంటిదే కదా అన్న సందేహానికి నా జవాబు, కాదు. సాధారణంగా బరోక్ ఉద్యానాలు చదునైన నేల మీద కనుచూపు మేర సాగుతాయి. ఇక్కడ అంత చోటు లేదు. భవనం వెనుక వైపు పదిహేడో శతాబ్దంలో కట్టిన కోటగోడకు, బురుజుకు దాదాపు ఆనుకొని ఉంది. ఎన్నో ప్రణాళికలు గీసినా దశాబ్దాలపాటు తోట ఒక కొలిక్కి రాలేదు. బిషప్పు ఆడమ్ ఫ్రీడ్‌రిష్ ఫోన్ జైన్స్‌హైమ్ 1770లో బొహీమియాకు చెందిన యోహాన్ ప్రోకోప్ మాయర్‌ను ఆస్థాన తోటమాలిగా నియమించాక పరిస్థితి మారింది. మాయర్ బురుజును పడగొట్టలేదు. తూర్పు వైపు తోటను ఆ గోడల ఒడిలోనే అంచెలంచెలుగా పైకి లేపాడు. రెండు పక్కలా వంపు తిరిగిన వాలుదారులు, మెట్లు మిమ్మల్ని బురుజు మీదికి తీసుకువెళ్తాయి. పైకి చేరి వెనక్కి తిరిగితే భవనం మొత్తం కంటి ఎదుట ఉంటుంది. శత్రువు మీదికి ఫిరంగులు ఎక్కుపెట్టే చోటు నుంచి ఇలా రాజభవనపు వెన్నును చూడడం నాకు ఎప్పుడూ వింతగా అనిపిస్తుంది.

దక్షిణపు తోట దీనికి పూర్తిగా వేరు. గుండ్రని కొలను, దాని చుట్టూ శంకువు ఆకారంలో కత్తిరించిన ఎనిమిది యూ చెట్లు. అవి మనిషిని మించి ఎంతో ఎత్తు పెరిగాయి. నడిచి వెళుతుంటే పచ్చని గోపురాల మధ్య తిరుగుతున్నట్టుంటుంది. అమ్మగారికి మోకాళ్ళ ఇబ్బంది ఉంది కాబట్టి మొదట ఇక్కడికే తీసుకువెళ్ళండి, నేల చదునుగా ఉంటుంది. తూర్పు బురుజు ఎక్కడం ఆమె ఓపికను బట్టి. నారింజ, నిమ్మ జాతి చెట్ల కుండీలను చలికాలంలో దాచే భవనం, దాని దగ్గరి కూరగాయల, పండ్ల తోట ఎక్కువమంది పట్టించుకోకుండా దాటిపోతారు. నిజానికి మాయర్‌కు ప్రాణమైన భాగం అదే. పండ్ల రకాలను వర్ణిస్తూ రంగు బొమ్మలతో ఆయన పెద్ద గ్రంథమే అచ్చు వేయించాడు. ఆపిల్, బేరి చెట్లను గోడల వెంట, తీగెల మీద పరిచి పెంచే పద్ధతి చూస్తే పెరటి తోట ఉన్నవారెవరికైనా చేయి దురద పెడుతుంది.

తోట మధ్య మధ్య చిన్నారుల శిల్పాలు కనిపిస్తాయి, అవి యోహాన్ పీటర్ వాగ్నర్ చెక్కినవి. ద్వారాల దగ్గరి ఇనుప అల్లికలు చూడడం మరవకండి. టిరోల్ నుంచి వచ్చిన ఓయెగ్ అనే కమ్మరి వాటిని తీర్చాడు. ఇనుమును పూలతీగెలాగా వంచిన పనితనం అది. భవనం ముందువైపున కూడా అతను చేసిన గొప్ప ఇనుప ప్రాకారం ఉండేది, 1821లో దాన్ని తొలగించారు. ఆ స్థలంలో ఇప్పుడు 1894 నాటి ఫ్రాంకోనియా ఫౌంటెన్ ఉంది. దాని చుట్టూ కూర్చున్న ముగ్గురిలో ఒకరు శిల్పి తిల్మన్ రీమెన్‌ష్నైడర్. 1525 తిరుగుబాటులో రైతులపై సైన్యాన్ని నడపడానికి నిరాకరించిన పట్టణ మండలిలో ఉన్నందుకు ఇదే బిషప్పుల చెరలో పడ్డవాడు. ఇప్పుడు వారి గుమ్మం ముందే దర్జాగా కూర్చున్నాడు. మీ నాన్నగారికి ఇది తప్పక చూపించండి.

ఉద్యానంలోకి ప్రవేశం ఉచితం, భవనానికి మాత్రమే టికెట్ కావాలి. ఉదయాన్నే భవనం చూసి, మధ్యాహ్నం తోటలో కూర్చోవడం మేలు. దక్షిణపు తోటలో నీడ పట్టున బల్లలు ఉంటాయి, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర పొట్లం విప్పడానికి అంతకన్నా మంచి చోటు ఆ ఊరిలో నాకు కనబడలేదు. తిన్నాక ఆకు ఒక్కటి కూడా నేల మీద వదలకండి. అక్కడి తోటమాలులు నవ్వుతూనే వచ్చి చేతికి అందిస్తారు.